గాలాడని గోడ

మున్సిపాలిటీ నోటీసు అంటించడానికి వచ్చిన మనిషి మొదట గోడకే జిగురు రాశాడు. కాగితం అంటుకునేలోపే అరచేయంత పెచ్చు ఊడి అతని చెప్పుల మీద పడింది. "నేనేం చెయ్యలేదండీ, చూశారుగా" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. తర్వాత కాగితాన్ని తలుపుకు అంటించి, నాలుగు మూలలూ బొటనవేలితో రుద్ది, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

గదులక్క ఆ పెచ్చు తీసుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆవిడ ఇంట్లో కింద మూడు గదులు, పైన చెక్కమేడలో రెండు. సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తుంది కాబట్టి వీధంతా ఆవిణ్ణి గదులక్క అంటుంది. యాభై దాటాయి. ఆ గదుల మీదే తిండి, ఆ గదుల మీదే మందులు, ఆ గదులు లేకపోతే ఏం చెయ్యాలో ఆవిడకు తెలీదు.

"పదిహేను రోజుల్లో కూల్చెయ్యాలట బాబాయ్. ప్రమాదంగా ఉందట. శుక్రవారం ఇంజనీరమ్మ వస్తుందట. చెప్పుకునేదేమన్నా ఉంటే అప్పుడే చెప్పుకోవాలట."

మేస్త్రి పెచ్చును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. అరవై మూడేళ్ళ మనిషి, అందులో నలభై ఏడేళ్ళు తాపీ పట్టాడు. "పాతదైతే ప్రమాదమేనా? ఆ లెక్కన ముందు నన్ను కూల్చాలి" అన్నాడు. గదులక్క నవ్వలేదు. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, సుత్తీ ఉలీ ఉన్న సంచి అందుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి గడియారం అప్పటికే వరండాలో కూర్చుని నోటీసు రెండోసారి చదువుతున్నాడు. అసలు పేరు అతనే మర్చిపోయేంతగా ఆ పేరు స్థిరపడిపోయింది. వాచీలు బాగుచేసేవాడు. పక్కిల్లే అతనిది. ఇదే తీరు, ఇదే చెక్కమేడ. పోయిన ఎండాకాలంలో ఇలాంటి కాగితమే దాని తలుపు మీదా పడింది. ఇప్పుడక్కడ ఖాళీ స్థలం, ఒక బోర్డు. గడియారం బజారు వెనక రెండు గదుల్లో అద్దెకుంటున్నాడు. అయినా పొద్దున పదయ్యేసరికి వచ్చి గదులక్క వరండాలో కూర్చోవడం మానలేదు.

"మాకొచ్చిన దాంట్లో అక్షరం మార్చలేదోయ్" అన్నాడు గడియారం. "ఇంటి నంబరు ఒక్కటీ కొట్టేసి రాశారు. కాగితం పొదుపు."

"నీకెప్పుడూ ఎగతాళే" అంది గదులక్క.

"ఎగతాళి కాదమ్మా. నూట నాలుగేళ్ళు నిలబడింది మా ఇల్లు. మనుషులం మనం నిలబడతామా? దాని ఆయుష్షు తీరింది, సాగనంపాను. ఏడవడానికేముంది?" అని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆ మాట ఏడాదిగా కనీసం వందసార్లు అని ఉంటాడు. అన్న ప్రతిసారీ కాస్త తేలికపడ్డట్టే కనిపిస్తాడు.

మేస్త్రి గోడ దగ్గరికి వెళ్ళి, తాపీ పిడితో కింద నుంచి పైకి తట్టుకుంటూ వచ్చాడు. కిటికీ కిందంతా డొల్ల మోత. కిటికీ పైన గట్టి మోత. మళ్ళీ కింద తట్టాడు. మళ్ళీ పైన. మొహంలో ఏదో చిరాకు కదిలింది. "రేపు పొద్దున్నే వస్తాను. ఒకచోట విప్పి చూడాలి" అన్నాడు.

*

ఉలి వాలుగా పెట్టి నాలుగు దెబ్బలు వేశాడో లేదో, కిటికీ రెక్కంత సిమెంటు పూత ఒక్క ముక్కగా గోడను వదిలి ముందుకు వాలింది. మేస్త్రి రెండు చేతులతో పట్టుకుని నేల మీదికి దించాడు. దాని వీపు తడిగా ఉంది. వర్షాలు వెళ్ళి మూడు నెలలైంది. అయినా ఇప్పుడే బకెట్లో ముంచి తీసినట్టు తడి. ఇటుకల మీద ఉప్పు పొర పొరగా పేరుకుంది. వేలితో గీస్తే ఇటుక పైపొర ఎర్రటి పిండిలా రాలింది.

"అయిపోయింది" అన్నాడు గడియారం వెనకనుంచి. "మాదీ ఇదే వాలకం. నువ్వు చెయ్యి వేసి ఇంక లాభం లేదన్నావు గుర్తుందా? ఆ రోజే నేను మనసు రాయి చేసుకున్నాను."

మేస్త్రికి గుర్తుంది. ఆ రోజు అతను పూత విప్పలేదు. పైనుంచే తట్టి, స్క్రూడ్రైవరు గుచ్చి, తల అడ్డంగా ఊపాడు. విప్పి చూడాలని తట్టనే లేదు. తను వేసిన పూత కింద చూడాల్సిందేముంటుందని?

పిండిగా ఉన్న ఇటుకను ఉలితో చెక్కాడు. రెండు వేళ్ళ లోతు పోయాక ఉలి ఖంగుమంది. లోపల ఇటుక కాల్చిన నాటి లాగే ఉంది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. స్టూలు వేసుకుని కిటికీ పైకి ఎక్కాడు. అక్కడ సిమెంటు లేదు, పాత సున్నమే. మేకు గుచ్చితే మేకు వంగింది. చెయ్యి వేస్తే పొడిగా, కాస్త వెచ్చగా తగిలింది. అరచెయ్యి తెల్లబడింది.

ఆ తెల్ల చెయ్యి చూసుకుంటూ స్టూలు మీదే నిలబడిపోయాడు.

ఆ తెలుపు గురించే కదా అప్పట్లో అందరూ సణుక్కున్నది. గోడకు ఆనుకుంటే చాలు చొక్కాలు తెల్లబడతాయని, సెలవులకొచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారని, ఏటేటా సున్నం కొట్టించాలంటే ప్రాణం మీదికొస్తోందని. ఇరవై ఏళ్ళ కిందటి పెద్ద తుఫాను తర్వాత వీధి వీధంతా మేస్త్రినే పిలిచింది. అతను ఒక్కో ఇంటికీ కిటికీ అడుగంచు ఎత్తున దారం లాగి, రంగు పొడి అద్దిన ఆ దారాన్ని టప్పున కొట్టి నిఖార్సయిన గీత వేసి, ఆ గీత దాకా సిమెంటు పూశాడు. "ఇంక మీ చెయ్యి తెల్లబడితే నా చెయ్యి నరికెయ్యండి" అన్నాడు. వీధంతా చప్పట్లు కొట్టినంత పనిచేసింది.

ఇప్పుడు తడి ఆగింది సరిగ్గా ఆ గీత దగ్గర. దాని కింద పుండు, దాని పైన ఆరోగ్యం. నేలలోంచి ఎక్కే చెమ్మ అయితే ఒకచోట మోకాలెత్తు, ఒకచోట మెడెత్తు, దాని ఇష్టమొచ్చినంత ఎక్కుతుంది. దారం పట్టి గీసినట్టు ఆగదు.

దిగి ఇంటి వెనక్కి నడిచాడు. మేడమెట్ల కింద తాపీ దూరక వదిలేసిన మూల ఒకటుంది. వంగి, దాదాపు పాకి, చెయ్యి పెట్టాడు. పొడి. ఆ మూలలో గోడ ఏళ్ళ తరబడి తన ఉప్పును తనే పొడిగా రాల్చుకుంటోంది. కింద సున్నం గుట్టగా పడి ఉంది. గోడ చెమ్మ పీల్చుకునేది, గాలికి ఆరేది, ఉప్పు బయటికి నెట్టేది, పైపొర రాలిపోయేది, మళ్ళీ సున్నం. తన తండ్రి బతుకంతా ఆ రాలే పొరనే మళ్ళీ మళ్ళీ పూశాడు. తను తెలివిగలవాడై గోడకు గాలాడకుండా చేశాడు.

"ఏమైంది బాబాయ్, అంతసేపు లోపలున్నావు?" అంది గదులక్క. "పురుగూ పుట్రా ఉంటాయి, రా బయటికి."

"ఏం లేదు" అన్నాడు మేస్త్రి మోకాళ్ళు దులుపుకుంటూ. "ఉప్పు గాలి. ఉప్పు గాలి తినేసింది."

గడియారం తల ఊపాడు. "సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని ఉప్పు గాలి వద్దంటే కుదురుతుందా" అన్నాడు. మేస్త్రి అతని వైపు చూడలేకపోయాడు.

*

"చెప్పెయ్యి" అంది మేస్త్రి భార్య, అంతా విన్నాక. అన్నం ముందు కూర్చుని అతను కలుపుతున్నాడే తప్ప తినడం లేదు.

"చెప్తే పేరు పోతుంది."

"పోతే పోయింది. ఇంకెన్నాళ్ళు పట్టుకు తిరుగుతావు ఆ తాపీ? మోకాళ్ళు కూడా నీ మాట వినడం లేదు."

"పేరు సంగతి కాదే."

భార్య గ్లాసులో నీళ్ళు పోసి అతని ముందుకు జరిపింది. అతని నోటినుంచి ఆ మాట రాదని ఆవిడకు తెలుసు. "గడియారం సంగతి" అంది. అతను తలెత్తలేదు. గదులక్క గోడ నిలవాలంటే సిమెంటు మాట ఎత్తాలి. సిమెంటు మాట ఎత్తగానే గడియారానికి అర్థమైపోతుంది, తన ఇల్లు ముసలిదై పోలేదని, చేతులారా కూలగొట్టించుకున్నాడని. చెప్పకుండా గదులక్క ఇల్లు నిలబెట్టే దారి కోసం రెండు రోజులుగా మేస్త్రి వెతుకుతూనే ఉన్నాడు. పూత మొత్తం విప్పి, ఊరుకుని, ఇంజనీరమ్మ తనంతట తానే తెలుసుకుంటుందేమోనని ఒక ఆశ.

గురువారం గదులక్క తమ్ముడు వచ్చాడు. మేస్త్రి అప్పటికి ముందు గోడ సగం విప్పాడు. పిండి ఇటుకను వైరు బ్రష్షుతో దులిపి, ఉప్పును తడిగుడ్డతో అద్ది అద్ది తీస్తున్నాడు. రెండు రోజుల గాలికి విప్పిన చోట ఇటుక రంగు తేలింది. తమ్ముడు అది చూడలేదు. పెచ్చుల గుట్ట చూశాడు.

"ఇంతదాకా వచ్చిందన్నమాట" అన్నాడు. చెడ్డవాడేం కాదు. అక్కకు జ్వరమొస్తే బస్సెక్కి వచ్చేవాడే. కానీ ఇంట్లో అతనికీ సగం ఉంది, స్థలం అడిగిన బిల్డరుకు ఓపిక తగ్గుతోంది. "ఇరవై ఏళ్ళు ఇల్లు నీ చేతిలో ఉందక్కా. ఒక్క ఏడాదైనా సున్నం కొట్టించావా? నాన్న ఉన్నప్పుడు ఏటా కొట్టించేవాడు. నువ్వు గదులు అద్దెకిచ్చుకుంటూ గోడల్ని గాలికొదిలేశావు. ఇప్పుడు నోటీసొచ్చిందని ఏడుస్తే ఎలా?"

గదులక్క చీపురు పట్టుకుని నిలబడింది. "నిజమేరా" అంది. "నేనే పట్టించుకోలేదు."

మేస్త్రి చేతిలో బ్రష్షు ఆగింది. మళ్ళీ కదిలింది. ఒకే ఇటుకను అవసరానికి మించి రుద్దాడు.

"మీరన్నా చెప్పండి మేస్త్రిగారూ" అన్నాడు తమ్ముడు. "ఈ గోడ నిలుస్తుందా? బిల్డరు మిమ్మల్నే అడుగుతున్నాడు. కొత్త కట్టడానికి పెద్దమేస్త్రిగా మీరే ఉండాలట. ఈ వీధిలో మీ పని చూశాడట."

"చూశాడా" అన్నాడు మేస్త్రి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తమ్ముడు వెళ్ళాక గదులక్క పెచ్చులు తట్టలోకి ఎత్తసాగింది. మేస్త్రి కాసేపు చూశాడు. ఇంక ఉండబట్టలేక, "వాడలా అంటుంటే నోరు మూసుకుని పడ్డావేం? సున్నం అక్కర్లేదన్నది నేను కదా. నీకు గుర్తులేదా?" అన్నాడు.

"గుర్తుంది."

"మరి?"

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. విన్నది నేనే కదా బాబాయ్" అంది, తట్ట ఎత్తి నడుముకు ఆనించుకుంటూ. "అయినా ఉప్పు గాలికి నువ్వేం చేస్తావు? వాడితో అని ఏం లాభం? పెద్దవాడివి, నలుగురిలో నిన్ను ఒక మాట అననిస్తానా?"

ఆవిడ తట్టతో వెనక్కి వెళ్ళిపోయింది. చెంప మీద కొట్టినా మేస్త్రికి అంత నొప్పి తెలిసేది కాదు.

*

శుక్రవారం ఇంజనీరమ్మ చెప్పిన టైముకే వచ్చింది. చిన్నపిల్ల, మహా అయితే ముప్పై. కానీ చూపు గట్టిది. చేతిలో ఫైలు, టేపు, పొడవాటి స్క్రూడ్రైవరు. వీధిలో నోటీసు భయం పట్టుకున్న ఇళ్ళవాళ్ళు ఆరేడుగురు గేటు దగ్గర మూగారు. తమ్ముడు వచ్చాడు. గడియారం తన కుర్చీలో తను కూర్చున్నాడు. "రండమ్మా, మా ఇంటప్పుడు కూడా మీరే వచ్చారు. అప్పటికన్నా చిక్కారు" అని పలకరించాడు. ఆమె ఇబ్బందిగా నవ్వింది.

విప్పని చోట స్క్రూడ్రైవరు గుచ్చింది. పిడి దాకా దిగింది. పైన సున్నం మీద గుచ్చింది. దిగలేదు. టేపు పట్టి కొలిచి రాసుకుంది.

"పైన బాగుంది, కింద పోయింది. అంటే పునాది నుంచి నీళ్ళెక్కుతున్నాయి. ఇలాంటి గోడ మీద పై బరువు ఉంచడం ప్రమాదమండీ" అంది గదులక్కతో. "మీ బాధ నాకు తెలుసు. కానీ రేపు మేడ కూలి లోపలున్నవాళ్ళ మీద పడితే? నేనేం రాయను చెప్పండి?"

గదులక్క మేస్త్రి వైపు చూసింది. ఏదో ఒకటి అంటాడని కాదు, వేరే ఎటు చూడాలో తెలియక చూసింది. ఇంజనీరమ్మ పెన్ను మూత తీసింది.

"నీళ్ళు గీత గీసుకుని ఎక్కుతాయా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

ఆమె తలెత్తింది.

"ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే ఎత్తు. మీరు మూడుచోట్ల కొలిచారు. తేడా ఉందా?"

ఆమె కాగితం చూసుకుంది. "లేదు" అంది మెల్లగా.

"ఉండదు. అది దారం పట్టి కొట్టిన గీత. నేనే కొట్టాను. దాని కింద సిమెంటు పూసింది నేనే. సున్నం గోడకు గాలాడాలి. నేను ఆడనివ్వలేదు. లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుకను తినేసింది, రెండు వేళ్ళ లోతు. అంతే. లోపల రాయిలా ఉంది. చూడండి." ఉలి తీసుకుని చెక్కిన చోట కొట్టాడు. ఖంగుమంది. ఆమె చేతికిచ్చాడు. ఆమే కొట్టింది. ఇంకోచోట కొట్టింది. తర్వాత అతను విప్పిన చోటికి వచ్చి ఇటుక మీద అరచెయ్యి ఆనించింది. "మంగళవారం ఇది చేత్తో పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. ఇవాళ చూడండి. మూడు రోజుల గాలి. మెట్ల కింద నా తాపీ దూరని మూల ఉంది, అదీ చూపిస్తాను. ఈ ఇంటి అమ్మాయి తప్పు ఇందులో వీసమెత్తు లేదు. ఏటా సున్నం కొట్టిద్దామంటే అక్కర్లేదన్నది నేను."

తమ్ముడు అక్క వైపు చూసి చూపు దించుకున్నాడు. ఇంజనీరమ్మ మెట్ల కిందికి నిజంగానే దూరింది. వచ్చేసరికి జుట్టంతా సున్నం. చాలాసేపు రాసింది. రాసింది చదివి వినిపించింది. కూల్చడం ఆపాలి. పూత మొత్తం తీసి గోడ ఆరబెట్టాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. అంతదాకా పైగదుల్లో ఎవరూ ఉండకూడదు.

గదులక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ వీధిలో ఇలాంటి పూత ఇంకా ఎన్ని ఇళ్ళకు వేశారు?" అంది ఇంజనీరమ్మ, ఇంకో కాగితం తీస్తూ.

"తొమ్మిదింటికి."

"ఇదీ కలిపేనా?"

"కలిపే. ఇంకోటి ఉండేది" అన్నాడు మేస్త్రి.

ఆమె పెన్ను ఆగింది. గడియారం కుర్చీలోంచి లేచాడు. కళ్ళజోడు తీశాడు, తుడవలేదు, చేత్తోనే పట్టుకున్నాడు.

"మాదీ అంతేనా మేస్త్రీ?"

"అంతే."

"లోపల ఇలాగే గట్టిగా ఉండేదా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు కాబట్టి ఎవరూ కొట్టి చూడలేరు. మేస్త్రి నోరు తెరిచాడు. నిజమే వచ్చింది. "ఉండేది. విప్పి చూడాల్సింది. నేను చూడలేదు."

గడియారం తల ఊపాడు, ఏదో చిన్న విషయం ఒప్పుకున్నట్టు. గోడ దగ్గరికి నడిచి, విప్పిన ఇటుక మీద వేళ్ళతో తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"చెప్పడం మంచిదేలే" అన్నాడు. "చెప్పకపోతే ఇదీ పోయేది. అమ్మాయి వీధిన పడేది. నిన్ను తప్పుపట్టను." కాస్త ఆగాడు. "కానీ నేను ఇన్నాళ్ళూ దాన్ని నిండుగా బతికి పోయిందనుకుంటున్నానోయ్. ఆ ముక్క మీదే నిద్రపోతున్నాను. ఇప్పుడు దేని మీద పడుకోమంటావు?"

సమాధానం కోసం నిలబడలేదు. వరండా దిగి, గేటు దగ్గర జనం తప్పుకుంటే వాళ్ళ మధ్యలోంచి నడిచి, తన ఖాళీ స్థలం ముందునుంచి పోకుండా చుట్టుదారి పట్టాడు. "గడియారం" అని ఒకసారి పిలిచాడు మేస్త్రి. అతను వెనక్కి తిరగలేదు.

మేస్త్రి గోడ వైపు తిరిగాడు. గీత మీద ఉలి ఆనించాడు, సుత్తి ఎత్తాడు. చెయ్యి కిందికి రాలేదు. అంత వయసు మనిషి, వీధంతా చూస్తుండగా, సుత్తి పైకెత్తి పట్టుకుని అలాగే ఏడ్చాడు. ఊరుకోమని ఎవరూ అనలేదు. గదులక్క కూడా అనలేదు.